రాత్రికి రాత్రే కిలో బరువు పెరుగుతామా?

[తెర మీద వెయింగ్ మెషిన్ అంకెలు మాత్రమే: 77.9. కట్. 78.8.]

నిన్న పొద్దున 77.9. ఈ రోజు పొద్దున 78.8. మధ్యలో గడిచింది ఒక్క రోజు.

తిండి తగ్గించి, నడక మొదలుపెట్టి, నోరు కట్టుకుని ఉన్న మనిషికి ఈ 900 గ్రాములు చూడగానే ప్రాణం ఉసూరుమంటుంది. "ఇంత చేస్తే ఇదా ఫలితం" అని కొందరు ఆ రోజు నడక మానేస్తారు. ఇంకొందరు టెన్షన్‌తో రాత్రి భోజనం మానేస్తారు. రెండూ అక్కర్లేదు. ఎందుకో ఒక చిన్న లెక్క వేస్తే తేలిపోతుంది.

[తెర మీద: 1 కిలో కొవ్వు = సుమారు 7,700 కేలరీలు]

ఒంట్లో ఒక కిలో కొవ్వు చేరాలంటే, ఒంటికి ఖర్చయింది పోగా సుమారు 7,700 కేలరీలు మిగలాలి. చాలామంది పెద్దవాళ్లకు రోజుకు కావాల్సింది 2,000 నుంచి 2,500 మధ్యలో ఉంటుంది. అంటే నిన్న ఒక్కరోజులో 900 గ్రాముల కొవ్వు పెరగాలంటే, మీ మామూలు తిండి తినేశాక ఇంకో మూడు రోజుల తిండి కూడా అదే రోజు కూర్చుని తినాలి.

తిన్నారా? లేదు కదా. అలాగని మెషిన్ అబద్ధం చెప్పిందా అంటే, అదీ లేదు. మీ ఒళ్లు నిజంగానే నిన్నటి కంటే 900 గ్రాములు బరువుగా ఉంది. పెరిగింది కొవ్వేనని మాత్రం మెషిన్ ఎక్కడా చెప్పలేదు. అది మనం అనుకున్నాం.

ఇప్పుడు ఇదే లెక్కను తిరగేసి చూద్దాం. రోజుకు 500 కేలరీలు తక్కువ తింటున్నారనుకోండి. బరువు తగ్గాలనుకునేవాళ్లు సాధారణంగా పెట్టుకునే లోటు ఇది. 500ని 7,700తో భాగిస్తే ఎంత వచ్చింది?

[తెర మీద: రోజుకు 65 గ్రాములు]

65 గ్రాములు. ఇళ్లలో వాడే చాలా మెషిన్లు 100 గ్రాముల చొప్పున తప్ప తేడా చూపించవు. అంటే మీరు పొల్లుపోకుండా డైట్ పాటించిన రోజున కూడా కరిగిన కొవ్వు ఆ మెషిన్ కంటికి ఆననంత తక్కువ. మరోపక్క నీరు, తిండి, ఉప్పు వల్ల వచ్చే తేడా కిలో దాకా ఉంటుంది, ఒక్కోసారి రెండు కిలోలు కూడా. సంత మధ్యలో నిలబడి ఎవరో చెప్పే గుసగుస వినాలని చూడటం లాంటిదన్నమాట. గుసగుస ఉంది, కానీ ఆ గోలలో వినపడదు.

మరి ఆ గోల ఎక్కడి నుంచి వస్తోంది?

[గ్రాఫిక్: మనిషి బొమ్మ, లోపల నీటి మట్టం]

70 కిలోల మనిషి ఒంట్లో సుమారు 40 లీటర్ల నీరు ఉంటుంది. లీటరు నీరంటే కిలో బరువు. ఈ 40 లీటర్లలో ఒక లీటరు అటూ ఇటూ అయినా మనకు తెలియదు, కానీ మెషిన్‌కి తెలుస్తుంది. ఆ లీటరును అటూ ఇటూ చేసేవాటిలో అందరూ తెలుసుకోవాల్సినవి ముఖ్యంగా రెండు.

మొదటిది గ్లైకోజెన్. మనం తిన్న పిండిపదార్థాల్లో కొంత భాగాన్ని ఒళ్లు గ్లైకోజెన్ అనే రూపంలో దాచుకుంటుంది. కాలేయంలో సుమారు 100 గ్రాములు, కండరాల్లో 400 గ్రాముల దాకా. ఇది ఒంటరిగా ఉండదు. ప్రతి గ్రాముకూ సుమారు మూడు గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. లెక్క వేయండి: అర కిలో గ్లైకోజెన్, దాన్ని అంటిపెట్టుకుని కిలోన్నర నీరు. మొత్తం రెండు కిలోలు. కొవ్వుతో సంబంధం లేకుండా పెరిగి తరిగే రెండు కిలోలివి.

కొత్తగా డైట్ మొదలుపెట్టినవాళ్లు "మొదటి వారంలోనే మూడు కిలోలు తగ్గాను" అని సంబరపడతారు చూడండి, అందులో పెద్ద వాటా దీనిదే. పిండిపదార్థాలు తగ్గించగానే గ్లైకోజెన్ నిల్వ ఖాళీ అవుతుంది, దాంతో పాటు నీరూ వెళ్లిపోతుంది. తర్వాత ఒక రోజు కడుపునిండా తింటే నిల్వ నిండుతుంది, నీరు తిరిగొస్తుంది. "ఒక్క పూటకే పాడైపోయింది" అనిపిస్తుంది గానీ, పాడైంది ఏమీ లేదు. "వారంలో ఐదు కిలోలు" అని ఊరించే డైట్లన్నీ ఈ నీటినే అమ్ముకుంటున్నాయని నా అభిప్రాయం.

రెండోది ఉప్పు. ఆసుపత్రిలో ఎక్కించే సెలైన్ బాటిల్ చూసే ఉంటారు. దాని మీద 0.9 శాతం అని రాసి ఉంటుంది. అంటే లీటరు నీటిలో 9 గ్రాముల ఉప్పు. మన రక్తంలోని లవణాల గాఢతకు దగ్గరగా ఉండేలా చేసిన లెక్క అది. ఇప్పుడు మీరు ఒక పూట బయట తిన్నారు, మామూలు కంటే నాలుగైదు గ్రాముల ఉప్పు ఎక్కువగా లోపలికి వెళ్లింది. ఆ ఉప్పు బయటికి పోయేదాకా ఒళ్లు దానికి తగ్గ నీటిని పట్టి ఉంచుతుంది. ఈ లెక్కన దాదాపు అర లీటరు. అందుకే దాహం ఎక్కువ, వేళ్లకు ఉంగరాలు బిగుతు, పొద్దున్నే మొహం కాస్త ఉబ్బు. కిడ్నీలు ఆ ఉప్పును బయటికి పంపడానికి ఒకటి రెండు రోజులు, ఒక్కోసారి ఇంకొంచెం ఎక్కువ పడుతుంది. మీరు చేయాల్సింది ఏమీ లేదు. మామూలుగా నీళ్లు తాగుతూ ఉండండి చాలు. నీళ్లు మానేస్తే బరువు తగ్గినట్టు కనిపిస్తుంది, కానీ అది కేవలం మెషిన్‌ను మోసం చేయడం.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. తిన్నది కడుపులో ఉన్నంతసేపూ బరువే, అది పూర్తిగా బయటికి వెళ్లడానికి ఒక రోజు నుంచి మూడు రోజులు పట్టొచ్చు. మలబద్ధకం ఉంటే ఆ బరువు కూడా మెషిన్ మీదే కనిపిస్తుంది. కొత్త వ్యాయామం మొదలుపెట్టి ఒళ్లు నొప్పులు వచ్చాయంటే, దెబ్బతిన్న కండరాలు మానడం కోసం అక్కడికి నీరు చేరుతుంది. జిమ్‌లో చేరిన వారంలో బరువు పెరిగిందని మానేసేవాళ్లు చాలామంది దీనికే భయపడి మానేస్తారు.

పీరియడ్స్ గురించి మాత్రం కొంచెం ఆగి చెప్పాలి. నెలసరికి ముందు రోజుల్లో చాలామందికి ఒంటికి నీరు పడుతుంది, మొదలయ్యాక ఆ నీరు దిగిపోతుంది. కొందరికి అర కిలో, కొందరికి రెండు కిలోల దాకా. ఈ వారం బరువును పోయిన వారంతో పోల్చి చూసే ఆడవాళ్లకు నెలలో ఒక వారం తప్పనిసరిగా నిరాశే ఎదురవుతుంది. పోల్చాల్సింది పోయిన నెలలో ఇదే దశలో ఉన్న వారంతో.

[తెర మీద పాత చెక్కుడు బొమ్మ: త్రాసుకు వేలాడే కుర్చీ, అందులో కూర్చుని భోంచేస్తున్న మనిషి]

ఇదంతా ఈ మధ్య కనిపెట్టిన సంగతేం కాదు. శాంటోరియో అని ఇటలీ వైద్యుడు ఒకాయన ఉండేవాడు. పెద్ద త్రాసుకు కుర్చీ వేలాడదీసి, అందులోనే కూర్చుని తినేవాడు. తను తిన్నదీ తాగినదీ తూచేవాడు, మలమూత్రాలూ తూచేవాడు, తననూ తూచుకునేవాడు. అలా దాదాపు ముప్పై ఏళ్లు! ఇంట్లోవాళ్లు ఎలా భరించారో మరి. 1614లో ఆ లెక్కలు ప్రచురించాడు. లోపలికి వెళ్లిన బరువులో సగానికి పైగా మలమూత్రాల్లో కనిపించడం లేదని, కంటికి తెలియకుండానే ఒంట్లోంచి వెళ్లిపోతోందని ఆయన తేల్చాడు. చర్మం నుంచి ఆవిరయ్యే నీరు, ఊపిరితో పోయే తేమ. రాత్రి పడుకునే ముందు బరువు కంటే పొద్దున బరువు తక్కువ ఉండటానికి ఇదీ ఒక కారణం.

ఊపిరి అంటే గుర్తొచ్చింది. కరిగిన కొవ్వు ఎక్కడికి పోతుందని అడిగితే చాలామంది చెమట అంటారు. 2014లో రూబెన్ మీర్మన్, ఆండ్రూ బ్రౌన్ అనే ఇద్దరు బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఈ లెక్క చూపించారు. 10 కిలోల కొవ్వు పూర్తిగా ఖర్చయితే అందులో 8.4 కిలోలు కార్బన్ డయాక్సైడ్‌గా ఊపిరితిత్తుల నుంచి వెళ్తుంది, మిగతా 1.6 కిలోలు నీరవుతుంది. కాబట్టి చెమట పట్టించే బెల్టులు, ప్లాస్టిక్ జాకెట్లు, ఆవిరి గదులు తగ్గించేది నీటినే. రెండు గ్లాసుల నీళ్లు తాగగానే అది తిరిగొస్తుంది.

సరే, ఇంత గోలలో నిజం ఎలా వినాలి?

[తెర మీద రెండు వరుసలు, ఒక్కో అంకె కనిపిస్తూ:
మొదటి వారం, సోమ నుంచి ఆది దాకా: 78.4, 77.9, 78.8, 78.6, 78.1, 77.7, 78.2
రెండో వారం: 77.8, 78.5, 77.9, 77.4, 77.6, 78.3, 77.3]

ఇవి ఉదాహరణకు నేను వేసిన అంకెలు. మీరు మంగళవారాల్లో మాత్రమే బరువు చూసుకుంటారనుకోండి. 77.9 నుంచి 78.5. "వారంలో 600 గ్రాములు పెరిగాను, ఈ డైట్ పనిచేయదు." ఆదివారాల్లో చూసుకునేవాళ్లకు 78.2 నుంచి 77.3. "వారంలో 900 గ్రాములు! అద్భుతం." ఒళ్లు ఒకటే, వారాలు అవే. ఒకరు డైట్ మానేశారు, ఒకరు పండగ చేసుకున్నారు. ఇద్దరి లెక్కా తప్పే.

ఏడు రోజుల అంకెలూ కలిపి ఏడుతో భాగిస్తే?

[తెర మీద: 78.24 → 77.83]

సుమారు 400 గ్రాములు తగ్గారు. రోజుకు 65 గ్రాముల చొప్పున వారానికి రావాల్సింది 455. చాలా దగ్గరగా ఉంది. ఆ గుసగుస ఇప్పుడు వినపడింది.

రోజూ చూడాలి, రోజు అంకెను పట్టించుకోకూడదు. వినడానికి వింతగా ఉన్నా పద్ధతి అదే. పొద్దున లేచి, బాత్రూమ్‌కి వెళ్లొచ్చాక, ఏమీ తినకముందు, తాగకముందు, ఒకే రకం బట్టల్లో, గట్టి నేల మీద పెట్టిన మెషిన్ ఎక్కండి. కార్పెట్ మీద పెడితే అంకె మారుతుంది. కొన్ని డిజిటల్ మెషిన్లలో ఇంకో తిరకాసు కూడా ఉంది: వెంటవెంటనే రెండుసార్లు ఎక్కినప్పుడు తేడా చిన్నదైతే పాత అంకెనే మళ్లీ చూపిస్తాయి. "మూడుసార్లు చూశాను, అదే వచ్చింది" అని నమ్మేయకండి. ఇక ఒంట్లో కొవ్వు శాతం చూపించే మెషిన్లు పాదాల గుండా చిన్న కరెంట్ పంపి అంచనా కడతాయి. ఆ అంచనా కూడా ఒంట్లో నీటిని బట్టే మారుతుంది కాబట్టి, రోజువారీగా దాన్ని అసలు చూడకపోవడమే మేలు.

రోజూ అంకె చూడటం అందరికీ పడదు. ఆ అంకెను బట్టి మీ రోజంతా పాడవుతుంటే, తినడమంటేనే భయం వేస్తుంటే, మెషిన్‌ను పక్కన పెట్టేయండి. నడుము కొలత రెండు వారాలకోసారి టేపుతో చూసుకోండి. తిండి విషయంలో ఇదివరకు మానసికంగా ఇబ్బంది పడినవాళ్లు ముందు డాక్టర్‌తో మాట్లాడటం మంచిది.

ఇంకో మాట. బరువు గబగబా పెరుగుతూ, అంటే రెండు మూడు రోజుల్లోనే రెండు కిలోలు దాటి, కాళ్లకు వాపు, ఆయాసం, పడుకుంటే ఊపిరాడకపోవడం లాంటివి ఉంటే అది ఈ వీడియోలో చెప్పిన నీరు కాదు. గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి. సగటు లెక్కలు వేస్తూ కూర్చోకుండా వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లండి. స్టెరాయిడ్ మందులు వాడేవాళ్లకు కూడా నీరు పట్టొచ్చు. మందును మాత్రం సొంతంగా ఆపొద్దు.

[కెమెరా దగ్గరగా]

ఇప్పుడు కొంచెం చేదు మాట. "అంతా నీరే" అన్న ముక్క దొరికింది కదా అని దాని వెనక దాక్కునేవాళ్లు కూడా ఉన్నారు. పెరిగితే నీరు, తగ్గితే కొవ్వు అంటే కుదరదు. తగ్గిన రోజున కూడా అదే అనుమానం ఉండాలి. నాలుగు వారాల పాటు వారం సగటు కదలకుండా అక్కడే ఉంటే, నీటి మీద నెపం పెట్టలేం. నీరు వస్తుంది, పోతుంది, నెల రోజుల పాటు రోజూ కొత్తగా చేరుతూ కొవ్వు తగ్గినంతా కప్పేయడం చాలా అరుదు.

అలాంటప్పుడు మీరు అనుకుంటున్న 500 కేలరీల లోటు నిజంగా లేదని అర్థం. కొలవకుండా పోసే నూనె, లెక్కలోకి రాని తీపి డ్రింకులు, వంట చేస్తూ రుచి చూసిన ముద్దలు, ఐదు రోజుల కష్టాన్ని రెండు రోజుల్లో పూడ్చేసే వారాంతం. వీటిలో ఏదో ఒకటి ఉంటుంది. పది కిలోలు తగ్గినవాళ్లకైతే ఇంకో కారణం కూడా ఉంది: ఒళ్లు చిన్నదైంది కాబట్టి దాని ఖర్చూ తగ్గింది. మొదట్లో లోటుగా ఉన్న తిండి ఇప్పుడు సరిపోయే తిండి అయిపోయింది. అప్పుడు ఒక వారం పాటు తిన్నదంతా తూచి రాయండి. ఎలా రాయాలో, ఎక్కడ ఎక్కువగా తప్పుతామో వచ్చే వీడియోలో చూద్దాం.