అల్లిక అయిపోయింది, బహుమతి ఇంకా కాలేదు

[తెర మీద: సూది మీద చివరి వరుస, చుట్టూ వేలాడుతున్న దారం కొసలు]

చివరి వరుస అల్లేశారు. పుట్టినరోజు ఇంకా మూడు రోజులుంది. ఆ మూడు రోజులూ కావాలి, అందులో ఎక్కువ భాగం ఆరబెట్టడానికే పోతుంది. తీసుకున్నవాళ్లు రెండోసారి ఉతికాక కూడా అల్లిక చెక్కుచెదరకూడదు. మన పనంతా దానికోసమే.

[దగ్గరగా: బైండ్ ఆఫ్]

బైండ్ ఆఫ్ అంటే కుట్లు విడిపోకుండా ఒకదాని మీదుగా ఒకటి దాటించి సూది మీంచి దించేయడం. అప్పుడు చెయ్యి తెలియకుండానే బిగుసుకుంటుంది. మఫ్లర్‌కి ఫర్వాలేదేమో గానీ టోపీ అంచు, స్వెటర్ మెడ బిగిస్తే తల దూరదు. 4 మిల్లీమీటర్ల సూదులతో అల్లి ఉంటే ముగింపుకి కుడిచేతిలోకి 5 మిల్లీమీటర్లది తీసుకోండి. అల్లిక వెడల్పుకి నాలుగు రెట్ల దారం, కొసకి ఇంకో 20 సెంటీమీటర్లు ఉందో లేదో ముందే చూసుకోండి. వరుస మధ్యలో దారం అయిపోతే విప్పడం తప్ప దారి లేదు.

[అల్లిక వెనకవైపు, మొద్దు మొన సూది]

ఇక కొసలు. ముడి వేసి కత్తిరించకండి. ముడి ఏదో ఒకరోజు ముందువైపు పొడుచుకొస్తుంది, లేదా విడిపోతుంది. వెనకవైపు కనిపించే గుబ్బల్లోంచి ఒక దిక్కుకి 5 సెంటీమీటర్లు దూర్చి, తిరిగి 3 సెంటీమీటర్లు వెనక్కి రండి. ఊలుకి నూగు ఉంటుంది కాబట్టి అది పట్టుకుంటుంది. కాటన్, యాక్రిలిక్ నున్నగా జారిపోతాయి. వాటికి ఇంకోసారి దిక్కు మార్చాలి. మిగిలిన కొసని ఇప్పుడే కత్తిరించవద్దు. తడిపినప్పుడు అల్లిక సాగుతుంది, పొట్టి కొస లోపలికి జారి బయటపడుతుంది.

[గోరువెచ్చని నీళ్ల టబ్బు]

ఇప్పుడు బ్లాకింగ్, అంటే అల్లికని తడిపి లేదా ఆవిరి పట్టి సరైన ఆకారానికి తేవడం. చాలామంది వదిలేసే పని, కానీ వంకరటింకర వరుసలు సర్దుకునేది ఇక్కడే. ముందు ఉండ మీది లేబుల్ చదవండి, ఎందుకంటే ఊలుకి చేసేది యాక్రిలిక్‌కి చేయకూడదు.

ఎరుపు, ముదురు నీలం పక్కన తెలుపు ఉంటే జానెడు దారం తడిపి తెల్లగుడ్డలో నొక్కి చూడండి. గుడ్డకి రంగు అంటితే చల్లనీళ్లే వాడాలి, నానబెట్టకుండా వెంటనే తీసేయాలి.

రంగు దిగని ఊలుని గోరువెచ్చని నీళ్లలో రెండు చుక్కల షాంపూ వేసి 20 నిమిషాలు నాననివ్వండి. రుద్దవద్దు. ఊలు పోగుకి పొలుసులుంటాయి. వేడి, రాపిడి కలిస్తే అవి ఒకదానికొకటి చిక్కుకుని అల్లిక కుంచించుకుపోయి దళసరి గుడ్డలా అవుతుంది, ఇక సరిచేయలేం. తీసేటప్పుడు ఒక కొసన పట్టుకుని వేలాడదీయకండి, నీళ్ల బరువుకి బారెడు సాగుతుంది. రెండు చేతుల మీద ఎత్తి, తువ్వాలులో చుట్టి నొక్కండి, మెలిపెట్టి పిండకండి. చాప మీద పరిచి, కొలిచి, అంచుల వెంట 3 సెంటీమీటర్లకొక తుప్పుపట్టని గుండుసూది గుచ్చండి. పూర్తిగా ఆరకముందు సూదులు తీస్తే మళ్లీ ముడుచుకుంటుంది.

యాక్రిలిక్ మీద ఇస్త్రీపెట్టె ఆనించకండి. వేడికి పోగులు మెత్తబడి, నిగనిగలాడుతూ జావగారిపోతాయి. ఆ గుడ్డకి పాత స్ప్రింగు తిరిగి రాదు. దానికి 3 సెంటీమీటర్ల ఎత్తులో ఆవిరి పడితే చాలు.

[రెండు ముక్కలు పక్కపక్కన, ముందువైపు పైకి]

స్వెటర్ ముక్కలు బ్లాకింగ్ తర్వాతే కలపండి, అప్పుడే అంచులు సమంగా వస్తాయి. అంచు కుట్టుకీ రెండో కుట్టుకీ మధ్య నిచ్చెన మెట్లలా అడ్డదారాలు కనిపిస్తాయి. ఒక మెట్టు ఇటు, ఒక మెట్టు అటు ఎత్తుతూ, 3 సెంటీమీటర్లకోసారి దారం లాగండి. అతుకు కనిపించదు. మరీ బిగిస్తే ముడతలు పడతాయి.

పసిపిల్లలకైతే బొత్తాలు మానేసి అల్లిన నాడాలు కూడా వద్దనుకోండి. నోట్లోకి వెళ్లేది, మెడకి చుట్టుకునేది ఏదీ ఉండకూడదు.

[చిన్న కాగితం, దారం చుట్ట]

కొసలు ఇప్పుడు కత్తిరించండి. ఒక చిన్న కాగితం మీద "స్వచ్ఛమైన ఊలు, చల్లనీళ్లలో చేత్తో ఉతకాలి, పరిచి ఆరబెట్టాలి" అని రాసి, అదే దారం 3 మీటర్లు చుట్టి జతచేయండి. ఎక్కడైనా తెగితే రంగు కలిసే దారం వాళ్ల దగ్గరే ఉంటుంది. మడిచే ముందు అతుకుల దగ్గర చెంపకి ఆనించి చూడండి. చల్లగా తగిలితే లోపల తడి ఇంకా ఉన్నట్టే, ఇంకో పూట ఆరనివ్వండి.