హెచ్‌ఎంటీ జనతా రివ్యూ | నాకు వాచీల పిచ్చి మొదలైంది ఈ వాచీతోనే

నమస్తే అండీ. అనంతపురం నుంచి మాట్లాడుతున్నాను. ఈరోజు వీడియో మొదట్లో ఒక పది సెకన్లు నేను మాట్లాడను. ఈ వాచీని మైకుకు ఆనించి పెడతాను, మీరు వినండి. ఇయర్‌ఫోన్లు ఉంటే పెట్టుకోండి.

విన్నారు కదా. సెకనుకు ఐదుసార్లు కొట్టుకుంటుంది ఇది. గంటకు 18,000. రోజు మొత్తానికి లెక్క కడితే 4,32,000. లోపల బ్యాటరీ లేదు. పొద్దున నేను ఇచ్చిన కీతో రేపు పొద్దుటిదాకా నడుస్తుంది, ఇంకా కొన్ని గంటల బలం మిగిలే ఉంటుంది.

ఇది హెచ్‌ఎంటీ జనతా, మా నాయనది. ఈ ఛానెల్‌లో చాలా వాచీలు చూపించాను గానీ దీన్ని ఎప్పుడూ చూపించలేదు. ఎవరు కలిసినా "అన్నా, నీకు ఈ వాచీల పిచ్చి ఎట్లా పట్టింది?" అని అడుగుతారు. ఆ జవాబు ఈ వాచీ గురించి చెప్పకుండా చెప్పలేను. అందుకే ఈరోజు రివ్యూ, కథ రెండూ కలిసే ఉంటాయి.

మాది అనంతపురానికి దగ్గర్లో ఒక పల్లె. వానను నమ్ముకుని చెనక్కాయలు వేసేవాళ్లం. ఒక బోరు, దాని కింద ఎకరన్నర మడి. బోరుకు కావాల్సిన త్రీఫేజ్ కరెంటు వంతులవారీగా వచ్చేది. ఒక వారం పగలు, ఒక వారం రాత్రి. రాత్రి రెండుకు కరెంటు వచ్చే వారంలో ఆ టైంకు లేచి పోయి మోటరు వేసుకోవాలి. వేయకపోతే ఆ రోజుకు నీళ్లు లేనట్టే. అప్పుడు సెల్‌ఫోన్లు ఎక్కడివి? మా ఇంట్లో అలారం గడియారం కూడా లేదు. ఈ వాచీ ఒక్కటే దిక్కు. మాకు వాచీ సోకు కాదండీ, పార లాంటి పనిముట్టు.

వేసవిలో అందరం వాకిట్లో పడుకునేవాళ్లం. నాయన వాచీ తీసి దిండు కింద పెట్టుకునేవాడు. పక్కన నేను. చెవి దిండుకు గట్టిగా ఆనిస్తే దూదిలోంచి వినిపించేది ఈ చప్పుడు, ఇందాక మీరు విన్నదే. మంచం పట్టెకు చెవి పెడితే ఇంకా బాగా వినిపించేది. దాన్ని వింటూ ఎన్ని రాత్రులు నిద్రపోయానో! వాచీ ముఖం నాకు సరిగ్గా గుర్తుండే వయసు రాకముందే దాని చప్పుడు నాకు తెలుసు. చాలామందికి వాచీల మీద ఇష్టం షాపు అద్దంలోంచి మెరిసే వాచీని చూసి మొదలవుతుంది. నాకు మాత్రం చెవిలో మొదలైంది.

నాకు ఆరేడేళ్లు వచ్చాక నాయన ఒక పని అప్పజెప్పినాడు. పొద్దున రేడియోలో వార్తలకు ముందు బీప్ బీప్ అని వస్తుంది చూడండి, ఆ టైంకు వాచీకి కీ ఇవ్వడం నా పని. ఎట్లా ఇవ్వాలో మొదటి రోజు చేయి పట్టుకుని నేర్పినాడు. ఇప్పుడు అదే మీకు చూపిస్తాను. వాచీ చేతికి ఉండగా కీ ఇవ్వకూడదు. చేతికి ఉంటే కీని పక్కకు లాగినట్టు పట్టుకుంటాం, దాని కాడ మీద బరువు పడుతుంది. అందుకే విప్పి ఎడమ చేతిలో పట్టుకోవాలి. బొటనవేలు, చూపుడువేలు, అంతే. తొందర పడకుండా తిప్పాలి. ఈ కర్ కర్ చప్పుడు వింటున్నారా? లోపల స్ప్రింగు చుట్టుకుంటోంది. చుట్టుకున్నది వెనక్కి విప్పుకోకుండా ఒక చిన్న కొక్కెం పంటి పంటికీ పట్టుకుంటోంది, ఈ చప్పుడు దానిదే. ఇరవై చుట్లు దాటాక వేలికి బిగువు తెలుస్తుంది. ఇదిగో, ఇక్కడ. ఇంక ఆపేయాలి. కీ ఎక్కువ ఇస్తే వాచీ పాడవుతుందని చాలామంది భయపడి సగంలోనే ఆపేస్తారు. ఆ భయం అక్కర్లేదు. పూర్తిగా బిగుసుకున్నాక కూడా బలవంతంగా తిప్పితేనే ప్రమాదం.

ఒక రోజు నేను కీ ఇవ్వడం మర్చిపోయాను. మామిడికాయలకు పోయి ఉంటాను, సరిగ్గా గుర్తు లేదు. ముందు రోజు పొద్దున ఇచ్చిన కీతోనే ఆ పగలంతా నడిచింది, రాత్రి కూడా నడిచింది. మధ్యరాత్రి దాటాక నాయన లేచి టార్చ్ వేసి చూసినాడు. ఒంటిగంటా పది. ఇంకా టైం ఉందిలే అని మళ్లీ పడుకున్నాడు. కాసేపటికి లేచి మళ్లీ టార్చ్ వేసినాడు. ఒంటిగంటా పదే. వాచీని చెవి దగ్గర పెట్టుకున్నాడు. నేను కళ్లు తెరిచే ఉన్నాను, ఆ టార్చ్ వెలుతురులో ఆయన ముఖం చూస్తున్నాను. చెప్పులు వేసుకుని పరుగులాంటి నడకతో పోయినాడు. అప్పటికే కరెంటు వచ్చి పోయింది. మడికి ఆ రోజు నీళ్లు పారలేదు.

పొద్దున నన్ను తిడతాడనుకున్నాను. తిట్టలేదు. "కీ మర్చిపోయినావా?" అన్నాడు, వాచీ నా చేతిలో పెట్టినాడు. ఆ పని నా దగ్గర నుంచి తీసేయలేదు చూడండి, అది నాకు ఎంత పెద్ద విషయమో మాటల్లో చెప్పలేను. ఆ తరువాత మళ్లీ ఎప్పుడూ మర్చిపోలేదు. ఇప్పుడు నా దగ్గర కీ ఇచ్చే వాచీలు పదకొండు ఉన్నాయి. పొద్దున లేవగానే అన్నిటికీ కీ ఇచ్చాకే నాకు కాఫీ.

సరే, ఇక వాచీ దగ్గరికి వద్దాం. కెమెరా దగ్గరికి తెస్తున్నాను. తెల్ల డయలు, పైన హెచ్‌ఎంటీ, దాని కింద జనతా. ఈ కింద సన్న అక్షరాలు చూడండి, 17 జువెల్స్, పారాషాక్. తారీఖు లేదు. గంటల ముల్లు, నిమిషాల ముల్లు, మధ్యలోంచే తిరిగే సెకన్ల ముల్లు. ఆ సెకన్ల ముల్లు బ్యాటరీతో నడిచే క్వార్ట్జ్ వాచీలో లాగా ఆగి ఆగి దూకదు. సెకనుకు ఐదు చిన్న అడుగులు కాబట్టి కంటికి జారిపోతున్నట్టే ఉంటుంది. స్కేలు పెట్టి కొలిస్తే అడ్డంగా 35 మిల్లీమీటర్లు వచ్చింది. ఇప్పుడు షాపుల్లో మగవాళ్ల వాచీలు 40, 42 ఉంటున్నాయి కాబట్టి మొదట చిన్నగా అనిపిస్తుంది. ఒక వారం పెట్టుకోండి, తరువాత పెద్ద వాచీలే బరువనిపిస్తాయి. బెల్టు 18 మిల్లీమీటర్లది, ఎక్కడైనా దొరుకుతుంది.

పైన ఉన్నది గాజు కాదు, ప్లాస్టిక్ లాంటి యాక్రిలిక్. అంత తేలిగ్గా పగలదు గానీ గీతలు పడతాయి. మెత్తటి గుడ్డ మీద కాస్త టూత్‌పేస్ట్ వేసి రుద్దితే సన్న గీతలు పోతాయి. నేను ఇదిగో ఈ సగం రుద్దాను, ఈ సగం రుద్దలేదు. తేడా చూడండి. మూడు దగ్గర ఉన్న ఈ లోతైన గీత మాత్రం అట్లాగే ఉంచుతాను. మోటరు స్టార్టర్ డబ్బా తలుపు తగిలి పడింది అది.

ఇప్పుడు లోపాలు కూడా చెప్పాలి. ఒకటి, చీకట్లో కనిపించదు. పక్కింటి పెద్దనాయనకు హెచ్‌ఎంటీ పైలట్ ఉండేది. నల్ల డయలు, అంకెలకు రేడియం. దుప్పటి ముసుగేసుకుని దాన్ని చూడటానికి మేము పిల్లలం వరుసలో నిలబడేవాళ్లం. మాది జనతా కాబట్టి టార్చ్ తప్పేది కాదు. రెండోది నీళ్లు. నీళ్లకు ఇది అస్సలు ఆగదు. చేతులు కడుక్కునేటప్పుడు కూడా తీసి పక్కన పెట్టండి.

నీళ్ల సంగతి నాకు బాగా తెలుసు. ఒకసారి పైపు ఊడి నాయన నిలువునా తడిసినాడు. మరుసటి రోజుకు అద్దం లోపల ఆవిరి పట్టింది. అప్పుడు నన్ను కూడా తీసుకుని అనంతపురం వచ్చినాడు. టవర్ క్లాక్ దగ్గర ఒక వాచీ మెకానిక్ ఉండేవాడు, అందరూ భాయ్ అనేవాళ్లు. కొట్టు అంటే కొట్టు కాదు, ఒక మనిషి కూర్చునేంత అద్దాల పెట్టె. ఆయన మూత తీసి, ఊదే రబ్బరు బుడ్డితో నాలుగుసార్లు ఊదినాడు. నేను మునివేళ్ల మీద నిలబడి చూస్తున్నాను. "ఏమప్పా, చూస్తావా?" అని కంటికి పెట్టుకునే భూతద్దం తీసి నాకు ఇచ్చినాడు.

ఒక చక్రం. ఇటు తిరుగుతోంది, అటు తిరుగుతోంది. దాని మధ్యలో వెంట్రుకంత సన్నటి స్ప్రింగు చుట్టుకుంటోంది, విప్పుకుంటోంది, నిద్రపోయే పసిబిడ్డ పొట్ట లాగా. దిండులోంచి ఇన్నేళ్లు విన్న చప్పుడు ఇదే అని తెలిసిన క్షణం అది. ఆ చక్రం పక్కన, ఇంకో నాలుగైదు చోట్ల, ఎర్రటి చుక్కలు. "అవి ఏంటివి?" అన్నాను. "కెంపులు" అన్నాడు భాయ్. మా ఇంట్లో అమ్మకు లేని కెంపులు నాయన వాచీలో ఉన్నాయా అని నోరు తెరిచాను.

నిజంగా కెంపులేనండీ. కాకపోతే గనిలో దొరికినవి కావు, తయారు చేసినవి. 1902లో వెర్నాయ్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త అల్యూమినియం ఆక్సైడ్ పొడిని మంటలో కరిగించి కెంపు తయారుచేసే పద్ధతి ప్రకటించాడు. గని కెంపు, ఈ కెంపు పదార్థం ఒకటే. వాచీలో ఇవి అలంకారం కోసం కాదు. చక్రాల ఇరుసు మొనలు వెంట్రుకంత ఉంటాయి. అవి ఇత్తడిలో తిరిగితే అరిగిపోతాయి. కెంపు గట్టిది, నున్ననిది, కొంచెం నూనెతో ఏళ్ల తరబడి తిరగనిస్తుంది. డయలు మీద 17 జువెల్స్ అంటే ఇవే. అందులో ఐదు ఆ ఊగే చక్రానికే. పారాషాక్ అంటే ఆ చక్రం కెంపులను చిన్న స్ప్రింగుల మీద కూర్చోబెట్టడం. వాచీ కిందపడితే దెబ్బ ఇరుసుకు తగలకుండా ఆ స్ప్రింగు తీసుకుంటుంది. అట్లాగని పార పట్టుకునేటప్పుడు పెట్టుకోకండి. నాయన ఆ పని చేసేటప్పుడు వాచీని చెట్టుకొమ్మకు తగిలించేవాడు.

ఈ యంత్రం మన దేశానికి ఎట్లా వచ్చిందో రెండు మాటలు. హెచ్‌ఎంటీ 1953లో బెంగళూరులో మొదలైంది, యంత్రాలు తయారుచేసే ప్రభుత్వ సంస్థగా. 1961లో జపాన్ సిటిజన్ కంపెనీ సహకారంతో అక్కడే వాచీల ఫ్యాక్టరీ పెట్టారు. బెంగళూరు మనకు నాలుగైదు గంటల దారి. మా చుట్టుపక్కల పల్లెల నుంచి కూలికి, చదువుకు, ఉద్యోగానికి అక్కడికి పోయినవాళ్లు తిరిగొచ్చేటప్పుడు చేతికి హెచ్‌ఎంటీతోనే వచ్చేవాళ్లు. నాయన కూడా అట్లా ఒక బంధువు చేత తెప్పించుకున్నాడు. అయితే 1969 డిసెంబర్ 25న జపాన్‌లోనే సెయికో అనే ఇంకో కంపెనీ మొదటి క్వార్ట్జ్ చేతి వాచీ అమ్మకానికి పెట్టింది. క్వార్ట్జ్‌లో స్ఫటికం సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది, కాబట్టి టైం విషయంలో కీ వాచీ దానితో పోటీ పడలేదు. మన దగ్గర హోసూరులో టైటాన్ వచ్చాక పెళ్లిళ్లలో పెట్టే వాచీ మారిపోయింది. 2016లో హెచ్‌ఎంటీ వాచీల కంపెనీని మూసేయాలని కేంద్రం నిర్ణయించింది. ఆ వార్త చదివిన రోజు నాకు అన్నం సహించలేదు. బెంగళూరు జాలహళ్లిలో హెచ్‌ఎంటీ హెరిటేజ్ సెంటర్ ఉంది. పిల్లలను తీసుకుని పోండి.

మీలో ఎవరికైనా జనతా కొనాలని ఉంటే ముందు ఇంట్లో వెతకండి. బీరువాలో, తాత పెట్టెలో, ఆగిపోయిన వాచీ ఒకటి ఉండే అవకాశం చాలా ఎక్కువ. ఎన్నో ఏళ్లుగా ఆగి ఉన్నదానికి వెంటనే కీ ఇచ్చి నడపకండి. లోపల నూనె ఎండిపోయి ఉంటుంది, పొడిగా తిరిగితే ఇరుసులు అరుగుతాయి. ముందు సర్వీసింగ్ చేయించండి, అంటే మొత్తం విప్పి, కడిగి, నూనె వేయడం. ఊరికే పైన ఒక చుక్క నూనె వేసి ఇచ్చే చోట వద్దు.

ఆన్‌లైన్‌లో కొనేవాళ్లకు నా అనుభవం చెప్పాలి. చిన్నప్పటి ఆశ కదా, ఒకచోట పైలట్ కనిపిస్తే ఆర్డర్ పెట్టాను. ఫోటోలో కొత్తదానిలా తళతళలాడుతోంది. వచ్చాక భూతద్దంతో చూస్తే డయలుకు మళ్లీ రంగు వేశారు. అక్షరాల అంచులు ఉబ్బి, ఒకదానిలోకి ఒకటి కలిసిపోయాయి. రేడియం చుక్కలు గీత దాటి పక్కకు కారాయి. లోపల నాలుగు వాచీల సామాను. నాకు చాలా బాధ వేసింది, డబ్బు గురించి కాదు, పెద్దనాయన చేతి వాచీ దొరికిందనుకున్నాను కాబట్టి. అందుకే డయలు క్లోజప్, లోపలి యంత్రం ఫోటో, రెండూ పంపమని అడగండి. పంపనంటే వదిలేయండి. డయలు కాస్త పసుపు తిరిగినా, మచ్చలు ఉన్నా పర్వాలేదు, అసలుదైతే చాలు.

టైం ఎట్లా చూపిస్తుందంటే, పోయిన వారం రోజూ రాసి పెట్టాను. రోజుకు ఇరవై సెకన్ల దాకా ముందుకు పోతోంది. ఇంత వయసున్న వాచీకి అది చాలా మంచి మాట. పొద్దున కీ ఇచ్చేటప్పుడు సరిచేసుకుంటాను.

ఇంక ఒక్కటే మిగిలింది. వెనక మూత ముందే వదులు చేసి పెట్టుకున్నాను, ఇప్పుడు తీస్తున్నాను. లెన్సు మార్చాను. లైటు కొంచెం పక్కకు... ఆ, ఇప్పుడు సరిగ్గా పడింది. ఆ ఎర్ర చుక్కల పక్కన ఊగుతున్నది చూడండి. నేను ఇంకేమీ మాట్లాడను, మీరు చూడండి.