అడవి పనికి జూ డబ్బు: దరఖాస్తు రాసే ముందు

అందరికీ నమస్కారం.

వన్యప్రాణి సంరక్షణకు జూలు గ్రాంట్లు ఇస్తాయని చెప్పగానే కొందరి ముఖాల్లో అనుమానం కనిపిస్తుంది. జంతువులను ఎన్‌క్లోజర్లలో పెట్టుకునే వాళ్ళకు అడవితో ఏం పని అని. అరేబియా ఎడారుల్లో తిరిగే ఒక రకం జింక, అరేబియన్ ఓరిక్స్ సంగతి చెబుతాను, వినండి. వేటకు బలైపోతున్న ఆ జాతిని నిలబెట్టడానికి 1962లో కొన్నింటిని పట్టి, అమెరికాలోని ఫీనిక్స్ జూలో మందగా పెంచారు. 1972 నాటికి ఎడారిలో ఒక్కటీ మిగలలేదు. బందీగా పెరిగిన మందల నుంచే 1982లో ఒమాన్‌లో మళ్ళీ వదిలారు. 1996 నాటికి అవి 450 దాకా పెరిగాయి. ఆ తరవాత దొంగవేట మొదలై 65కు పడిపోయాయి. ఒమాన్ ప్రభుత్వం వాటి అభయారణ్యాన్ని 90 శాతం కుదించడంతో 2007లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ జాబితా నుంచే తీసేసింది. అలా జాబితా నుంచి తొలగించడం అదే మొదటిసారి. మొత్తంగా ఈ జాతి కోలుకుందనే 2011లో దాని ప్రమాద స్థాయిని తగ్గించారు. కానీ ఒమాన్ అనుభవం మాత్రం మిగిలింది. జూలో ఎన్ని పిల్లలు పుట్టినా బయట కాపలా లేకపోతే ఆ శ్రమంతా వృథా. చాలా జూలు తమ గోడల అవతలి పనికి డబ్బు ఇస్తున్నది ఇందుకే.

ఆ డబ్బు ఎక్కడిదో కూడా తెలుసుకోవాలి. కొంత దాతలది, కొంత నేరుగా టికెట్ డబ్బు. కొలరాడోలోని షయాన్ మౌంటెన్ జూలో ప్రవేశ రుసుములో కొంత భాగం సంరక్షణకు పోతుంది. అది ఏ ప్రాజెక్టుకు చేరాలో సందర్శకులే ఎంచుకుంటారు. అంటే మీ పని ఏమిటో ఒక పిల్లవాడికి కూడా రెండు వాక్యాల్లో చెప్పగలగాలి. దీన్ని చిన్నతనంగా భావించే పరిశోధకులున్నారు. వారికి వేరే నిధులు చూసుకోమనే చెబుతాను.

దరఖాస్తు చదివే బృందంలో పశువైద్యులు, జంతు సంరక్షకులు, విద్యా విభాగం వాళ్ళు ఉండవచ్చు. మీరు పనిచేసే కప్ప గురించి వారికి ఏమీ తెలియకపోవచ్చు. జంతువును పట్టుకోవడం, మత్తు ఇవ్వడం మాత్రం వారికి రోజువారీ పని. జంతువు జాడ తెలిపే మెడపట్టీ గురించి ‘కాలర్ తొడుగుతాం’ అని ఒక్క మాటలో తేల్చేస్తే అక్కడే ఆగిపోతారు. మత్తు ఇచ్చేది ఎవరు, కాలర్ బరువెంత, అది ఎలా ఊడుతుంది? కాలర్ బరువు జంతువు బరువులో 5 శాతం మించకూడదన్నది చాలామంది పాటించే లెక్క. పక్షులకైతే ఇంకా తక్కువ.

ఇక అసలు విషయానికి వస్తాను. దరఖాస్తుల్లో నన్ను బాగా విసిగించే వాక్యం ఒకటుంది: ‘స్థానిక ప్రజల్లో అవగాహన కల్పిస్తాం.’ మంచు చిరుత తన మేకలను చంపుతుందని ఆ కాపరికి మీకంటే బాగా తెలుసు. అతనికి కావలసింది దొడ్డికి గట్టి కప్పు. కాబట్టి ఇలా రాయండి: ‘రాత్రి దాడులు ఎక్కువగా ఉన్న గ్రామాల్లో కొన్ని దొడ్లకు పైన ఇనుప వల, గట్టి తలుపు వేస్తాం. వేసిన దొడ్లలో, వేయని దొడ్లలో ఏడాది పాటు ఎన్ని పశువులు చనిపోయాయో లెక్క రాస్తాం. పని చేసిందని తేలితే మిగిలిన దొడ్లకూ వేస్తాం.’ ఇప్పుడు మీరు ఏం చేస్తారో, అది ఫలించిందో లేదో ఎలా తెలుస్తుందో చదివేవారికి అర్థమైంది. చిరుతల సంఖ్య పెరుగుతుందని మాత్రం రాయకండి. ఒక్క ఏడాదిలో అది తేలే విషయం కాదని వారికీ తెలుసు.

ఇలా రాసిన దరఖాస్తుకు బడ్జెట్ కూడా సులువుగా కుదురుతుంది. నేనైతే ఏ దరఖాస్తు అయినా బడ్జెట్ పేజీ నుంచే చదువుతాను. పద్ధతి రాసిన చోట 40 స్థలాల్లో కెమెరా ట్రాప్‌లు, అంటే జంతువు ఎదురుగా వస్తే తామే ఫోటో తీసే కెమెరాలు, పెడతామని ఉంటుంది. బడ్జెట్‌లో 20 కెమెరాలే కనిపిస్తాయి. రెండు విడతలుగా మారుస్తారేమో, మంచిదే, కానీ ఆ మాట రాయలేదు. బ్యాటరీలు లేవు, మెమరీ కార్డులు లేవు. ఏనుగు తొక్కేసినా ఎవరైనా ఎత్తుకుపోయినా బదులు పెట్టడానికి అదనపు కెమెరా లేదు. వాహనానికి ఇంధనం లేదు. ఈ మనిషి అడవికి ఎప్పుడైనా వెళ్ళాడా అనే సందేహం రాక మానదు. తక్కువ అడిగితే త్వరగా ఇస్తారనే ఆశతో ఖర్చులు దాచేవాళ్ళు కూడా ఉన్నారు. మిగతా సొమ్ము వేరే చోట నుంచి వస్తుంటే ఆ చోటు పేరు రాయండి. చేతికి వచ్చిందా, ఇంకా అడుగుతున్నారా అన్నది కూడా.

మిగిలినవి త్వరగా చెప్పేస్తాను. జూ గ్రాంట్లు సాధారణంగా చిన్నవి, కార్యాలయ నిర్వహణ ఖర్చులకు చాలా జూలు ఇవ్వవు. అనుమతి పత్రాలు చేతికి రాకపోతే ఎప్పుడు పెట్టుకున్నారో, ఏ దశలో ఉన్నాయో రాయండి. కొన్ని జూలు తమ దగ్గరున్న జాతులకే ఇస్తాయి, కొన్ని ఎవరూ పట్టించుకోని జాతులను ఏరి మరీ ఇస్తాయి. గత సంవత్సరాల్లో ఎవరికి ఇచ్చారో చూస్తే ఇది గంటలో తేలిపోతుంది. తిరస్కరిస్తే కారణం అడగండి. చెప్పేవారు చాలామందే ఉంటారు.

నివేదిక విషయం. జూకు మీ పట్టికలతో పాటు ఫోటోలు కూడా కావాలి, సందర్శకులకు చూపించాలి కదా. అయితే గూళ్ళు, గుహలు ఎక్కడున్నాయో తెలిపే వివరాలు ఫోటో ఫైల్లో దాగి ఉంటాయి. పంపే ముందు తీసేయండి, వేటగాళ్ళూ ఫోటోలు చూస్తారు.

ఇప్పుడు మీ ముసాయిదాలు బయటకు తీయండి. బడ్జెట్ పేజీ నుంచి మొదలుపెడదాం.