కొండవాలు మీద మురుగు (ఫోన్-ఇన్ కార్యక్రమం నుంచి)

వ్యాఖ్యాత: మరో శ్రోత లైన్లో ఉన్నారు. నమస్కారమండీ, ముందు మీ రేడియో శబ్దం కాస్త తగ్గించండి.

శ్రోత: తగ్గించానండి. మాది కొండవాలు మీద 40 ఇళ్ల ఊరు. ఇంటింటికీ సెప్టిక్ ట్యాంకు, పక్కనే ఇంకుడు గుంత ఉన్నాయి. తాగడానికి దిగువనున్న ఊట నీరే. ఈమధ్య పిల్లలకు తరచూ విరేచనాలవుతున్నాయి. కరెంటుతో నడిచే మురుగు శుద్ధి యంత్రం కొందామని ఊళ్లోవాళ్లు అంటున్నారు. కొనమంటారా?

ఇంజినీరు: యంత్రం సంగతి తర్వాత. పిల్లల్ని డాక్టరుకు చూపించండి. ఊట నీళ్లు ఈ పూట నుంచే కాచి తాగండి. తెర్లడం మొదలయ్యాక 1 నిమిషం చాలు. మీ ఊరు 2,000 మీటర్ల ఎత్తు దాటి ఉంటే 3 నిమిషాలు ఉంచండి, అంత ఎత్తున నీళ్లు తక్కువ వేడికే మరిగిపోతాయి. ఇప్పుడు చెప్పండి, గుంతకు దిగువన ఎండాకాలంలో కూడా పచ్చగా ఉండే చోటేమైనా ఉందా?

శ్రోత: మా పెరటి గట్టు కింద ఉందండి. గడ్డి మోకాలెత్తు పెరుగుతుంది. నేలలో సారం బాగుందనుకున్నాం.

ఇంజినీరు: సారమేనండి, కాకపోతే అది మీ గుంతది! కొండ మీద మట్టి పొర పల్చన. కింద రాయి తగిలిందంటే నీరు ఇంకదు, రాతి మీదుగా జారి దిగువన బయటపడుతుంది. రాతిలో పగుళ్లుంటే మరీ ప్రమాదం. మట్టి వడపోసినట్టు పగులు వడపోయదు, క్రిములు ఊటదాకా నేరుగా వెళ్లిపోతాయి.

శ్రోత: మరి యంత్రం పెడితే?

ఇంజినీరు: మీ దగ్గర కరెంటు పోతుంటుందా?

శ్రోత: గాలివాన వస్తే రెండు రోజులు ఉండదు.

ఇంజినీరు: గాలి ఊదే మోటారు ఆగితే లోపల మురుగును శుభ్రం చేసే సూక్ష్మజీవులకు ఊపిరి ఆడదు. దానికి తోడు చలి. నీటి వేడి 10 డిగ్రీలు తగ్గితే వాటి పని సుమారు సగానికి పడిపోతుంది. అందుకే చల్లని చోట ట్యాంకు పెద్దదిగా, నేలలో పాతిపెట్టి కట్టాలి. మీకు వాలు ఉంది కదా, మోటారు ఎందుకు? ఇళ్ల ట్యాంకుల్లో మడ్డి ఆగిపోతుంది. పైన తేరిన నీటిని మాత్రం సన్నని గొట్టాల్లో ఊటకు దిగువకు దింపండి. అక్కడ అడ్డుగోడల ట్యాంకు, దాని తర్వాత జమ్ము నాటిన కంకర మడి. అర మీటరు లోతు కంకరలో నీరు పైకి కనబడకుండా పారుతుంది కాబట్టి దోమలు చేరవు. అక్కడి నుంచి వచ్చేది తాగే నీరు మాత్రం కాదు, గుర్తుంచుకోండి.

శ్రోత: ఇది చవకగానే అయ్యేట్టుందే.

ఇంజినీరు: తొందరపడకండి. మడ్డి తీసే బండి మీ ఊరు ఎక్కుతుందా?

శ్రోత: సగం దారిదాకా వస్తుందండి. తర్వాత మెట్లే.

ఇంజినీరు: అసలు చిక్కు అదే. మడ్డిని రెండు మూడేళ్లకోసారి తీయకపోతే అది పొంగి కంకరలోకి చేరుతుంది, మడి పూడుకుపోతుంది. బండి రాకపోతే ఊరికి దిగువనే మడ్డి ఎండబెట్టే మడులు కట్టుకోవాలి. తీసేదెవరు, కూలి ఇచ్చేదెవరు? నన్నడిగితే ఈ లెక్క తేలేదాకా ఒక్క గొట్టం కూడా కొనవద్దు. ఇంతకీ ఇంటి కప్పు మీది వాననీరు ఎటు పోతోంది?

శ్రోత: అదీ ట్యాంకులోకే వదిలాం.

ఇంజినీరు: అయ్యో! రేపే విడదీయండి. గట్టి వాన ఒక్కటి పడితే అడుగున పేరుకున్నదంతా కలిసి బయటికి కొట్టుకొస్తుంది.

వ్యాఖ్యాత: సమయం అయిపోవచ్చింది, ఇంకేమైనా అడుగుతారా?

శ్రోత: ఒక్కటండి. ఊటకు సరిగ్గా పైన ఉన్నవాళ్లు తమ గుంత వల్ల ఏమీ కాదంటున్నారు.

ఇంజినీరు: మురుగు జాడ పట్టడానికి ఫ్లోరెసిన్ అనే పచ్చరంగు వాడతారు. మరుగుదొడ్డిలో పోసి, కొన్నాళ్లు ఊటను గమనిస్తారు. కనబడకపోతే ఊట శుభ్రమని కాదు గానీ, కనబడితే ఇక వాదన ఉండదు. ముందు మీ ఇంట్లోనే పోయండి. చూడటానికి వాళ్లను కూడా పిలవండి.

శ్రోత: మా ఇంటి రంగే వస్తే?

ఇంజినీరు: అప్పుడు వాళ్లు తమ ఇంట్లో పోయడానికి ఒప్పుకుంటారు.