గేటు తీస్తే సరిపోతుందా?

యాంకర్: నమస్కారం. లైబ్రరీలు, పార్కులు, బస్సులు అందరివీ అంటాం. కానీ మేధో వైకల్యం, ఆటిజం, మానసిక అనారోగ్యం ఉన్నవాళ్లు అక్కడ పెద్దగా కనిపించరు. అమ్మా, మీతో మొదలుపెడదాం.

తల్లి: రానివ్వరని కాదండీ. మా అబ్బాయికి ఆటిజం, లైబ్రరీ అంటే ప్రాణం. అక్కడి వాష్‌రూంలో చేతులు ఆరబెట్టే మెషీన్ ఉంది. అది ఒక్కసారిగా హోరుమనేసరికి చెవులు మూసుకుని నేలమీద కూర్చుండిపోతాడు. ఆ రోజుకిక పుస్తకం లేదు, ఏమీ లేదు. టిష్యూలు కూడా పెట్టమని అడిగితే, 'ఒక్కరి కోసం ఎలా కుదురుతుందమ్మా' అన్నారు.

ఆర్కిటెక్ట్: ర్యాంపు కట్టేస్తే పనైపోయిందనుకునేవాళ్లు మా వృత్తిలో చాలామంది. చప్పుడు, కళ్లలోకి కొట్టే లైటు, దారి తెలియక పడే టెన్షన్ ప్లాన్‌లో కనబడవు కదా! బ్రిటన్‌లో 2022లో ప్రమాణాల సంస్థ వీటికోసమే మార్గదర్శకాలు తెచ్చింది.

యాంకర్: కొన్ని సూపర్ మార్కెట్లు పాటలు ఆపి, లైట్లు తగ్గించి 'క్వైట్ అవర్' పెడుతున్నాయి కదా?

పీర్ కౌన్సెలర్ (తనూ మానసిక అనారోగ్యం అనుభవించి, అలాంటివాళ్లకు తోడ్పడే వ్యక్తి): నాకు బైపోలార్ ఉంది, అంటే మనసు విపరీతమైన ఉత్సాహానికీ కుంగుబాటుకీ మధ్య ఊగే జబ్బు, అందుకే అడుగుతున్నా. గంటసేపు ఆపగలిగిన పాట మిగతా రోజంతా ఎందుకు మోగాలి? మాకో గంట కేటాయించి, తక్కిన టైమంతా మీరు ఉంచుకుంటారా?

తల్లి: మీరన్నది న్యాయమే బాబూ. కానీ ఆ గంట కూడా లేకపోతే మావాడు గడప దాటడు.

పీర్ కౌన్సెలర్: ఉండనివ్వండమ్మా. అదొక్కటీ పెట్టి చేతులు దులుపుకోకూడదంటున్నా.

యాంకర్: డాక్టర్‌గారూ, చాలామందికి వీళ్లంటే భయం. దానికేం చెబుతారు?

సైకియాట్రిస్ట్: మానసిక అనారోగ్యం ఉన్నవాళ్లు దాడి చేయడంకన్నా దాడికి గురవడమే ఎక్కువ. బెల్జియంలో గీల్ అనే పట్టణం ఉంది. అక్కడి కుటుంబాలు శతాబ్దాలుగా ఇలాంటివాళ్లను ఇంట్లో పెట్టుకుంటున్నాయి. పేషెంటు అనరు, ఇంట్లో ఉంటున్న మనిషి, అంతే. ఒకాయన వీధిలో తనలో తాను మాట్లాడుకుంటూ పోతుంటే అక్కడెవరూ ఉలిక్కిపడరు, రోజూ చూస్తున్నారు కాబట్టి. ఇటలీ 1978లో చట్టం చేసి పిచ్చాసుపత్రుల్లో కొత్తవాళ్లను చేర్చుకోవడం ఆపేసింది. కాకపోతే తలుపులు తెరిస్తే చాలదు, బయట వైద్యం, ఆసరా దొరకాలి.

యాంకర్: బయట ఎవరైనా ఇబ్బంది పడుతుంటే పక్కవాళ్లేం చేయాలి?

పీర్ కౌన్సెలర్: చుట్టూ మూగొద్దు. వీడియో అసలే తీయొద్దు. ఒక్కరే దగ్గరికొచ్చి మెల్లగా అడగండి, జవాబుకి టైమివ్వండి. నేను ఎదురుగా ఉంటే మా అన్నయ్యను 'ఈయనకేం కావాలి?' అని అడుగుతారు చూడండి, ఒళ్లు మండుతుంది.

యాంకర్: 2016లో లండన్ గాట్విక్ విమానాశ్రయంలో పొద్దుతిరుగుడు పూల మెడపట్టీ మొదలైంది. అది వేసుకుంటే పైకి కనబడని వైకల్యం ఉందని సిబ్బందికి తెలుస్తుంది. మీరు వేసుకుంటారా?

పీర్ కౌన్సెలర్: నేను వేసుకోను. నా సంగతి ఎవరికి చెప్పాలో నా ఇష్టం.

తల్లి: మావాడికి నేనైతే వేస్తాను. క్యూలో ప్రతి ఒక్కరికీ మొదట్నుంచీ చెప్పుకునే ఓపిక నాకు లేదు నాయనా.

యాంకర్: వాడినీ అడగాలేమో?

తల్లి: అడిగాను. పువ్వు బాగుందన్నాడు.

యాంకర్: చిన్న బ్రేక్. తర్వాత ప్రేక్షకుల ఫోన్లు తీసుకుందాం.