ముందు చిల్లర, ఆ తర్వాతే బియ్యం

అందరికీ వందనాలు. పాస్టర్ గారు పది నిమిషాలిచ్చారు, నేను ఐదులోనే ముగిస్తాను. వెనక నుంచి బిర్యానీ వాసన వస్తోంది, ఆకలి గురించి మాట్లాడడానికి ఇంతకన్నా ఇబ్బందైన టైమ్ ఉండదు.

మా అమ్మాయి చదివే క్రిస్టియన్ స్కూల్లో పోయిన నెల పిల్లలంతా కలిసి భోజనం ప్యాకెట్లు కట్టారు. ఫీడ్ మై స్టార్వింగ్ చిల్డ్రన్ అని, వేరే దేశాల్లో ఆకలితో ఉన్న పిల్లలకి భోజనం పంపే మన మిన్నెసోటా సంస్థే, మీలో చాలామంది ఆఫీసు వాళ్లతో వెళ్లే ఉంటారు. రిచర్డ్ ప్రౌడ్‌ఫిట్ అనే వ్యాపారి 1974లో ఫిఫీ తుఫాను తర్వాత సాయం చేయడానికి హోండురాస్ వెళ్లి, అక్కడి పిల్లల్ని చూసొచ్చి, ఆ తర్వాత చాలా ఏళ్లకు 1987లో దీన్ని మొదలుపెట్టాడు. ప్యాకెట్ పేరు మన్నాప్యాక్. బైబిల్లో దేవుడు ఎడారిలో కురిపించిన ఆహారం మన్నా, మీకు నేను చెప్పక్కర్లేదు.

తలకి నెట్ పెట్టుకుని, ఉంగరాలూ గాజులూ తీసేసి, గరాటు కింద కవరు పట్టుకుంటే విటమిన్ల పొడి, ఎండబెట్టిన కూరగాయ ముక్కలు, సోయా, బియ్యం వరసగా పడతాయి. ఒకరు తూకం వేస్తారు, ఒకరు సీల్ చేస్తారు. కవరుకి 6 పూటలు, పెట్టెకి 36 కవర్లు, అంటే 216 పూటలు. రోజుకొక పూట చొప్పున ఒక బిడ్డకి ఏడు నెలలు. చివర్లో పెట్టెల మీద చేతులుంచి ప్రార్థన చేస్తారు, వండింది రుచి కూడా చూపిస్తారు. మెత్తటి కిచిడీలా ఉంది. మా ఆవిడ ఆవకాయ ఉంటే బాగుండేది అంది, అది వేరే సంగతి.

ఫోటోలన్నీ ఆ రోజువే. కానీ కవర్లు నింపడం మిషన్ ఇంకా త్వరగా చేస్తుంది కదా. పిల్లలు నిజంగా చేసింది అంతకు ముందు రెండు నెలల పని, ఆ సరుకుకి డబ్బు కూడబెట్టడం. పక్కింటి వాళ్ల వాకిట్లో మంచు ఎత్తి పోశారు, కుకీలు అమ్మారు (మొదటి రోజు సగం నేనే కొన్నాను), సోఫా సందుల్లో పడ్డ పాతిక సెంట్ల నాణేలు కూడా వదల్లేదు. డాలరుకి రెండు మూడు పూటలు వస్తాయని తెలిశాక మా అమ్మాయి స్టార్‌బక్స్ ముందు ఆగి, నాన్నా నీ కాఫీ ఎన్ని పూటలు అని అడగడం మొదలుపెట్టింది. నాకు నిజంగా టెన్షన్.

ఇంకో ప్రశ్న కూడా అడిగింది, ఇక్కణ్ణుంచి పంపే బదులు ఆ దేశాల్లోనే బియ్యం కొనొచ్చు కదా అని. మంచి ప్రశ్నే. ఉదాహరణకి హైతీలో 1995లో బియ్యం మీద సుంకం 3 శాతానికి దించాక చవకగా దిగిన అమెరికా బియ్యం అక్కడి రైతుని ముంచింది, అప్పుడు అమెరికా అధ్యక్షుడిగా ఉన్న బిల్ క్లింటనే 2010లో సెనేట్ కమిటీ ముందు అది తప్పని ఒప్పుకున్నాడు. అయితే ఈ ప్యాకెట్లు బజారులో అమ్మేవి కావు, బడులకీ అనాథాశ్రమాలకీ ఆసుపత్రులకీ వెళ్తాయి, అందుకే నేను డబ్బిస్తాను. అయినా ఆ ప్రశ్న మానొద్దని చెప్పాను.

శనివారం మన సంఘం వంతు. ఐదేళ్లు నిండిన పిల్లలెవరైనా రావచ్చు. చిల్లర డబ్బా తలుపు పక్కన పెట్టాను, బిర్యానీ తినేసి వెళ్లేటప్పుడు కనపడుతుంది. అక్కలూ, గాజులు మాత్రం ఇంట్లోనే పెట్టి రండి.