కొన్నది చెప్తాం సరే, అమ్మింది?

అందరికీ నమస్కారం.

గ్రూపుల్లో షేర్ల గురించి రాసేవాళ్ళు తమ సొంత షేర్ల సంగతి ఎంతవరకు చెప్పాలన్నది ఇవాళ్టి విషయం. ముందుగా ఒక చిన్న లెక్క వేద్దాం. రోజుకు సగటున 20,000 షేర్లు చేతులు మారే చిన్న కంపెనీ ఒకటి ఉందనుకోండి. 5,000 మంది ఉన్న గ్రూపులో ఒకాయన దాని గురించి గొప్పగా రాశాడు. ఇరవైమందిలో ఒక్కరే నమ్మి తలా 200 షేర్లు కొన్నా, 250 మంది కలిసి 50,000 షేర్లు. రెండున్నర రోజుల వాల్యూమ్ (చేతులు మారే షేర్ల సంఖ్య) ఒక్క పూటలో వచ్చిపడితే ధర పెరగక ఏం చేస్తుంది? సాయంత్రానికి "సార్, మీరు చెప్పినట్టే జరిగింది" అని మెసేజ్‌లు. కంపెనీలో మాత్రం పొద్దుటికీ సాయంత్రానికీ మారిందేమీ లేదు. ధరను పెంచింది ఆ పోస్టే.

చెప్పినాయన దగ్గర అప్పటికే 30,000 షేర్లున్నాయనుకుందాం. మామూలు రోజుల్లో వాటిని అమ్మబోతే ఆయన అమ్మకానికే ధర కుంగిపోయేది. ఇప్పుడు కొనేవాళ్ళు ఎగబడుతున్నారు కాబట్టి తీరిగ్గా బయటపడొచ్చు. ఆయన రాసిన ఆర్డర్ బుక్, అంటే కంపెనీ చేతిలో ఉన్న ఆర్డర్ల లెక్క, నిజమే కావచ్చు, లాభాల లెక్కలూ నిజమే కావచ్చు. తన షేర్ల సంగతి ఒక్కటి దాస్తే చాలు, ఒక్క అబద్ధం కూడా ఆడకుండానే మోసం ఇక్కడ పూర్తవుతుంది.

అమెరికా సుప్రీంకోర్టు 1963లో తేల్చింది ఇదే. క్యాపిటల్ గెయిన్స్ రీసెర్చ్ బ్యూరో అనే సలహా సంస్థ ముందు తాను షేర్లు కొనేది, తర్వాత వాటిని దీర్ఘకాలానికి కొనమని చందాదారులకు చెప్పేది, ధర పెరగ్గానే తనవి అమ్మేసేది. ఆ సంగతి దాచడమే మోసమని కోర్టు చెప్పింది. చందాదారులకు నష్టం జరిగిందని గానీ, నష్టం చేయాలన్న ఉద్దేశం ఉందని గానీ రుజువు చేయక్కర్లేదంది. "నేను మంచి మనసుతోనే చెప్పాను" అన్న సమాధానం ఎందుకు చాలదో దీన్నిబట్టి తెలుస్తుంది.

మరి ఏం చెప్పాలి? "నాకూ ఇందులో షేర్లు ఉండొచ్చు" అనే వాక్యం నా దృష్టిలో చెప్పనట్టే లెక్క. ఉన్నాయో లేవో చెప్పేవాడికి తెలుసు కదా! ఇలా ఉండాలి: "ఈ కంపెనీలో నాకు షేర్లున్నాయి. సగటు కొనుగోలు ధర 62 రూపాయలు, ఆఖరిసారి కొన్నది పోయిన నెల. నా పోర్ట్‌ఫోలియోలో (మొత్తం పెట్టుబడుల్లో) ఇది 18 శాతం. ఇది రాసినందుకు ఎవరి దగ్గరా డబ్బు తీసుకోలేదు. నెల రోజులు అమ్మను. ఆ తర్వాత అమ్మితే, అమ్మిన రోజే ఇక్కడే చెప్తాను." ఇది పోస్టు మొదట్లో ఉండాలి. "ఇంకా చదవండి" నొక్కితే గానీ కనిపించని చోట పెట్టి ప్రయోజనం లేదు.

చిక్కంతా ఆ ఆఖరి మాట దగ్గరే. కొన్నప్పుడు చెప్పడానికి ఎవరికీ ఇబ్బంది ఉండదు. అమ్మే ముందే చెప్తే ధర పడి చెప్పినవాడు నష్టపోతాడు, అమ్మేశాక చెప్తే విన్నవాళ్ళు ఇరుక్కుంటారు. దీనికి పూర్తి పరిష్కారం లేదు. నష్టాన్ని తగ్గించే దారులు మాత్రం ఉన్నాయి. భారత్‌లో షేర్ మార్కెట్లను నియంత్రించే సెబీ 2014 నిబంధనలు, తన దగ్గర రిజిస్టరై షేర్ల మీద నివేదికలు రాసే రీసెర్చ్ అనలిస్టుకు ఒక కట్టడి పెట్టాయి: నివేదిక వెలువడడానికి 30 రోజుల ముందు నుంచి 5 రోజుల తర్వాత వరకు ఆ షేరు సొంతానికి కొనకూడదు, అమ్మకూడదు. రిజిస్ట్రేషన్ లేనివాళ్ళు కూడా ఈ తరహా గడువు తమకు తామే పెట్టుకోవచ్చు. గడువు దాటాక అమ్మినా రోజువారీ వాల్యూమ్‌లో పదో వంతు మించకుండా విడతలుగా అమ్మాలి. అన్నిటికంటే సులువైనది ఇంకొకటుంది. మీ పోస్టు చూసి వచ్చే కొనుగోళ్ళు ఆ షేరు ఒక్కరోజు వాల్యూమ్‌లో కొద్ది శాతం కూడా దాటవని నమ్మకం లేకపోతే, ఆ పేరు ఎత్తకండి.

డబ్బు తీసుకుని రాసే విషయంలో పెద్దగా చర్చ అక్కర్లేదు. ఎంత ముట్టిందో చెప్పకుండా షేరును ప్రచారం చేయడం అమెరికాలో 1933 చట్టం నుంచే నేరం. "ఇది సలహా కాదు, మీ రీసెర్చ్ మీరు చేసుకోండి" అని కింద రాసి, పైన టార్గెట్ (ఎంతకు పెరుగుతుందో), స్టాప్‌లాస్ (ఎంతకు పడితే అమ్మేయాలో) ఇచ్చేవాళ్ళున్నారు. పైన ఉన్నది సలహా అయితే కింది వాక్యం దాన్ని మార్చలేదు. తప్పిన టిప్‌లు డిలీట్ చేసి, నెగ్గిన వాటి స్క్రీన్‌షాట్లు మాత్రం తిప్పడం ఇంకా నీచం. పది చెప్పి ఏడు చెరిపేస్తే మిగిలిన మూడూ నూటికి నూరు శాతం విజయమే మరి! తేదీ, ఆనాటి ధర, కారణం, ఏం జరిగితే అభిప్రాయం మార్చుకుంటారో ఈ నాలుగూ రాసి, పోస్టును ఎడిట్ చేయకుండా ఉంచండి. దిద్దాల్సి వస్తే కిందే తేదీ వేసి దిద్దండి.

ధర 40 శాతం పడ్డాక ఎవరో ఒకరు అడుగుతారు, "అన్నా, ఉంచమంటావా, అమ్మమంటావా?" అని. "భయపడకు, యావరేజ్ చెయ్", అంటే తగ్గిన ధరకు ఇంకొన్ని కొని సగటు ధర దించుకో, అనేయడం తేలిక. కానీ అతను ఏ ధరకు కొన్నాడో, అప్పు చేసి కొన్నాడో, ఆ డబ్బు ఎప్పుడు అవసరమో మీకు తెలియదు. అలాంటి వ్యక్తిగత సలహాకు చాలా దేశాల్లో రిజిస్ట్రేషన్ కావాలి కూడా. మీరు చెప్పగలిగినవి మూడే: మొదట రాసిన కారణాల్లో ఏది నిలిచింది, ఏది పోయింది, మీ సొంత షేర్లను ఏ తేదీన ఏం చేశారు. మూడోదానికి జవాబు "అమ్మేశాను" అయితే, అతను అడిగేదాకా ఆ మాట ఎందుకు చెప్పలేదో కూడా చెప్పాలి.